కథ అని కొట్టేసిన సాక్ష్యం

"నా మొగుడు సచ్చిపోవడం కత అని సెప్పిన మనిసెవరమ్మా ఇక్కడ?"

విశాఖపట్నంలోని ఆ పరిశోధనాలయం గుమ్మంలో నిలబడి అంత గొంతుతో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. అడిగిన మనిషికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఎండలో చాలా దూరం నడిచొచ్చినట్టు మొహమంతా కమిలిపోయి ఉంది. వెనకాలే పరిగెత్తుకొచ్చిన గార్డు చెయ్యి పట్టుకుని లాగబోతే ఒక్క విదిలింపు విదిలించింది. అతను రెండడుగులు వెనక్కి పడ్డాడు.

డాక్టర్ హైమవతి అప్పుడు తెర ముందు కూర్చుని ఉంది. కొండల్లో ఒక ముసలావిడ చెప్పగా పట్టుకొచ్చిన కథ ఒకటి ఆ తెర మీద ఎముకలు ఎముకలుగా విడిపోతోంది. ఎవరు ఏ భాషలో చెప్పినా, ఎన్ని మలుపులు తిప్పి చెప్పినా, పైనున్న మాటల కండంతా ఒలిచేసి లోపలి అస్థిపంజరాన్ని పైకి తీసే యంత్రం అది. దాని పేరు జాడ. ఆ పేరు పెట్టింది హైమవతే, దాన్ని తయారుచేసిందీ ఆవిడే. ఒకే కథ ఇక్కడి కొండల్లోనూ ఎక్కడో మంచుసముద్రం ఒడ్డునా ఎలా పుట్టింది, వెయ్యి నోళ్ళలో నానినా ఎందుకు పాచిపోలేదు, మళ్ళీ మళ్ళీ చెబుతుంటే జనం మళ్ళీ మళ్ళీ ఎందుకు వింటారు అన్నది తేల్చుకోవాలని ఆవిడ పెళ్ళికి ముందే మొదలుపెట్టిన పని. జీవితంలో సగం ఆ తెర ముందే గడిచిపోయింది.

"లోపలికి రామ్మా, కూర్చో," అంది హైమవతి.

"కూకోడానికి రానేదు. హైమవతి అంటే ఎవరు?"

"నేనే."

ఆమె కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మొగపేట చేపపొడి ఫ్యాక్టరీలో మరణాల మీద వేసిన విచారణ సంఘం పంపిన జవాబు అది. బందలపల్లి పైడితల్లి అనే సాక్షి ఇచ్చిన వాంగ్మూలాన్ని తిరస్కరించడమైనది అని ఉంది. కారణం, కల్పిత కథతో నూటికి తొంభైనాలుగు పాళ్ళ పోలిక. పోలిక తేల్చిన సాధనం, జాడ. దాని రూపకర్త, డాక్టర్ హైమవతి.

హైమవతి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. విచారణ సంఘానికీ తన యంత్రానికీ ఏమిటి సంబంధమో ఆవిడకు అర్థం కాలేదు.

"దీని గురించి నాకేమీ తెలియదమ్మా."

"నీ పేరుంది గదా. నీ పేరు యేసుకున్నారు, నీకు తెలీదేటి?"

హైమవతి కాగితం పక్కన పెట్టింది. "అసలేం జరిగిందో నాకు చెప్పు," అంది.

పైడితల్లి కాసేపు ఆవిడ మొహం చూసి, ఈమెకు చెప్పొచ్చా లేదా అని తేల్చుకున్నట్టుగా కుర్చీ అంచున కూర్చుంది.

"గెడ్డ సముద్రంలో కలిసే కాడ మా ఊరమ్మా. ఊరి సివర సేపపొడి ఫేక్టరీ ఎట్టినారు. దాని ఎనకాల భూమిలోపల పెద్ద తొట్టి. సేపల కుళ్ళునీరంతా అందులోకే పోద్ది. వోరానికోపాలి మనిసి దిగి అడుగునున్న బురద ఎత్తిపోయాల. ఊరికి రోడ్డేసినాం, కుళాయిలిచ్చినాం, మీరు బదులు సెయ్యాల, ఇంటికొక మనిసిని పంపండి అన్నారు. వంతులేసినారు. ఈ వోరం ఈ ఇల్లు, పై వోరం పక్కిల్లు. ఆ తొట్టిలో గాలి మంచిది కాదమ్మా. దిగినోలు కొందరు దగ్గుకుంటా వొచ్చినారు. ముగ్గురు రానేనేదు. పెసిడెంటు కాడికెల్తే రోడ్డొద్దా అన్నాడు. నాలుగోసారి మాత్రం..."

ఆమె ఆగింది. మళ్ళీ మొదలెట్టినప్పుడు గొంతు తగ్గింది.

"ఆ వోరం మా వంతు కాదు. ఎదురింటి నూకాలమ్మది. మొగుడు లేడు, వొళ్ళో పసిగుడ్డు. నీ బదులు నానెల్తాన్లే సెల్లీ, నువ్వు ఏడకు అన్నాడు మా ఆయన. ఎల్లినాడు. అంతే."

 యంత్రం అక్కర్లేకుండానే ఇది ఏ కథో హైమవతికి తెలిసిపోయింది. ఊరి పొలిమేరలో రాక్షసుడు. ఇంటికొక మనిషి అని ఒప్పందం. వంతు వచ్చిన ఇంట్లో ఏడుపు. ఇంకెవరో ముందుకొచ్చి మీ బదులు నేను వెళతాను అనడం. మన దేశంలో ఆ కథ చెప్పుకోని తల్లి లేదు, వినని బిడ్డ లేదు. పక్కనున్న మైకు ఆపడం మరిచిపోయినందువల్ల జాడ కూడా పైడితల్లి మాటలన్నీ వింది. తెర మీద ఆ రాక్షసుడి కథ అస్థిపంజరం పక్కన కొత్తది ఒకటి లేచి నిలబడింది. రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుని, ఎముకకు ఎముక సరిపోయి, పచ్చగా వెలిగాయి. కింద తొంభైనాలుగు అని పడింది.

యంత్రం తప్పు చెయ్యలేదు. తప్పు దాన్ని ఈ పనికి పెట్టినవాళ్ళది.

"ఏటమ్మా, ఇప్పుడు కూడా కతే అంటందా?" అంది పైడితల్లి తెర వైపు చూస్తూ.

* * *

డైరెక్టర్ వల్లభరావు గది రెండో అంతస్తులో ఉంది. హైమవతి తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి.

"జాడని విచారణ సంఘానికి ఎవరిచ్చారు?"

"కూర్చోండి హైమవతి గారూ," అన్నాడు ఆయన చల్లగా. "మీకు చెబుదామనే అనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ మన యంత్రం అవ్వల కథలకి తప్ప ఎందుకూ పనికిరాదన్నారు. ఇప్పుడు చూడండి, ప్రభుత్వమే వచ్చి అడిగింది. సాక్షులకు ఎవరో ఒకరు నేర్పించి పంపుతారు. నిజంగా జరిగింది చెప్పేవాడి మాట ఎగుడుదిగుడుగా ఉంటుంది, నేర్పించింది కథలా నున్నగా ఉంటుంది. అది పట్టుకోవడానికి జాడ కంటే మంచి సాధనం ఏముంది?"

"మొగుడు చచ్చిపోయిన మనిషి వంద మందికి చెప్పుకుని ఉంటుంది సార్. చెప్పగా చెప్పగా ఏ మాటైనా నునుపు తేలుతుంది. నేర్పిందనడానికి అదా గుర్తు?"

"మీరు ఉద్రేకపడుతున్నారు."

"ఉద్రేకపడకుండా ఎలా ఉండమంటారు? నలుగురు చచ్చిపోయారండీ. కథలో కాదు, తొట్టిలో."

వల్లభరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. హైమవతికి ఒక ఆలోచన వచ్చింది. ఫ్యాక్టరీ మేనేజరు ఇచ్చిన వాంగ్మూలం కూడా ఇలాగే జాడ గుండా వెళ్ళిందా అని అడిగింది. వెళ్ళిందన్నాడు ఆయన. చాలా శుభ్రంగా బయటపడిందట. ఎంత పోలిక వచ్చిందని అడిగితే రెండని చెప్పి, ఆ కాగితం ఆవిడ ముందుకు తోశాడు.

హైమవతి పైకి చదివింది. "సదరు ప్రాంగణమందు నిర్వహణ ప్రక్రియల సందర్భంగా కొన్ని అవాంఛనీయ పరిణామాలు సంభవించినట్లు గమనించడమైనది. తగు చర్యలు చేపట్టబడినవి." చదివి తలెత్తింది. "ఇందులో మనిషేడండీ? సంభవించినవి, గమనించడమైనది, చేపట్టబడినవి. ఎవరు దిగారు? ఎవరు దింపారు? ఎవరు గమనించారు? చేసినవాడు లేకుండా అన్నీ వాటంతటవే జరిగిపోయాయి. ఇలాంటి మాట లోకంలో ఏ తల్లీ ఏ బిడ్డకీ చెప్పుకోలేదు, చెప్పుకోదు. అందుకే దీనికి పోలిక దొరకలేదు. మీరు దాన్ని నిజం అంటున్నారు!"

"యంత్రం అంటోంది, నేను కాదు."

"యంత్రం పోలిక ఉందని మాత్రమే అంటుంది. అబద్ధం అన్న మాట మీరు అతికించారు."

వల్లభరావు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. జాడ మీద హక్కులన్నీ సంస్థవేననీ, రూపకర్తగా ఆవిడ పేరు వెయ్యడం మర్యాద కోసమేననీ, వచ్చే వారం సంఘం ముందు నిపుణురాలిగా వచ్చి యంత్రం నమ్మకమైనదే అని ఒక్క మాట చెబితే చాలనీ నెమ్మదిగా చెప్పాడు. పిలుపు అప్పటికే వచ్చి ఉంది.

"తప్పకుండా వస్తాను," అంది హైమవతి.

ఆ గొంతులో ఏదో తేడా వినిపించి ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ అప్పటికే మెట్లు దిగుతోంది.

* * *

ఇంటికి వచ్చేసరికి భర్త జగన్నాథం వంటింట్లో పప్పు తాలింపు పెడుతూనే కూతురికి కథ చెబుతున్నాడు. ఆయన ఓడల కర్మాగారంలో ఇంజనీరు. మధ్యాహ్నం షిఫ్టు లేని రోజున వంట ఆయనదే. తొమ్మిదేళ్ళ తుషార గట్టు మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. ఏ కథైనా ఆ పిల్లకు పదిసార్లు విన్నాకే రుచి.

"బండి నిండా ఏమేం ఉన్నాయి నాన్నా ఇవాళ?"

"ఇవాళ బొబ్బట్లు, పనసకాయ బిర్యానీ, గంగాళం నిండా సేమియా..."

"మొన్న సేమియా లేదు!"

"మొన్న రాక్షసుడికి పంటి నొప్పి."

తుషార పకపకా నవ్వింది. హైమవతి గుమ్మంలోనే ఆగిపోయింది. ఏ కథ చెబుతున్నాడో అర్థమైంది.

"ఏమండీ, ఆ కథ వద్దు."

"ఏమైంది హైమా?" జగన్నాథం స్టవ్ కట్టేసి వచ్చాడు.

ఆవిడ నిలబడే అంతా చెప్పింది. పిల్ల వింటోందన్న సంగతి కూడా గుర్తులేదు. చెప్పడం అయిపోయింది. అందరికంటే ముందు తుషారే నోరు తెరిచింది.

"అమ్మా, వంతులు ఎవరు వేస్తారు? రాక్షసుడే వేస్తాడా?"

"లేదమ్మా. రాజుగారితో ఒప్పందం. రాజుగారి మనుషులు వేస్తారు," అన్నాడు జగన్నాథం.

"మరి రాజుగారింటికి వంతు ఎప్పుడొస్తుంది?"

 ఆ కథని నూరు రూపాల్లో సేకరించింది హైమవతి. ఏ ఒక్క రూపంలోనూ రాజుగారింటికి వంతు రాలేదు. ఇన్నేళ్ళుగా ఎముకలు లెక్కపెడుతూ కూర్చుంది గానీ, ఆ ప్రశ్న తనకెప్పుడూ తట్టలేదు.

"రాదు," అంది కూతురితో. "ఎప్పుడూ రాదు."

"అన్యాయం కదా!"

"అన్యాయమే."

మర్నాడు ఆవిడ సెలవు పెట్టి మొగపేట వెళ్ళింది. బస్సు దిగీ దిగగానే వాసన కొట్టింది. కుళ్ళిన గుడ్ల వాసన గొంతులోకి దిగి అక్కడే కూర్చుంది. పైడితల్లి ఎదురొచ్చి ఊరంతా తిప్పింది. కంపెనీ కట్టించిన సామాజిక భవనం గోడ మీద నీలిరంగుతో వంతుల వరస బాహాటంగా రాసి ఉంది. 'గ్రామసేవ' అని దానికి శీర్షిక. ఇంటి పేర్లు, దిగిన మనుషుల పేర్లు, వాటి ఎదురుగా వారాలు. చచ్చిపోయిన నలుగురి పేర్ల మీదా సున్నం పూశారు. సున్నం పలచబడి కింది అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి.

"దీన్ని విచారణవాళ్ళు చూశారా?"

"ఎవులొచ్చినారమ్మా ఇక్కడికి? మమ్మల్నే జిల్లాకి రమ్మన్నారు. ఎల్నాం. ఒక గదిలో కూకోబెట్టి డబ్బా ముందర సెప్పమన్నారు. మనిసి మొకం సూడనేదు. ఇంటికొచ్చినాక కాగితమొచ్చినాది."

గోడ ఉంది. తొట్టి ఉంది. దగ్గుతూ మంచం పట్టినవాళ్ళు ఉన్నారు. ఒక్కపూట ఇక్కడికొచ్చి కళ్ళతో చూసి ఉంటే సరిపోయేది. ఆ ఒక్కపూట ప్రయాణం తప్పించుకోవడానికే తన యంత్రం వాళ్ళకు పనికొచ్చిందని హైమవతికి అర్థమైంది. 

ఎదురింటి నూకాలమ్మ పిల్లవాణ్ణి చంకనేసుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె ఎవరితోనూ మాట్లాడదట. పైడితల్లి వెళుతూ వెళుతూ ఆ పసివాడి బుగ్గ గిల్లింది. వాడు నవ్వాడు. తల్లి మాత్రం తల దించుకుంది.

"దానికి నా మొకం సూడ్డానికి సిగ్గు. నీకెందుకే సిగ్గు అంటే యినదు," అంది పైడితల్లి.

* * *

విచారణ జిల్లా కేంద్రంలో ఒక పాత హాల్లో జరిగింది. మొగపేట నుంచి రెండు ఆటోలనిండా జనం వచ్చి వెనక బెంచీల్లో సర్దుకున్నారు. ముందు వరసలో కంపెనీ వకీళ్ళు, మేనేజరు చక్రధర్, వాళ్ళ పక్కనే వల్లభరావు. వేదిక మీద సంఘం అధ్యక్షుడు, ఆయన ఒకప్పుడు జడ్జీ చేసి రిటైరైన మనిషి. ఆయన పక్కనే ఒక బల్ల మీద జాడ. తన చేతులతో పురుడు పోసినదాన్ని పరాయివాళ్ళ ముందు అలా చూడటం హైమవతికి కష్టంగా అనిపించింది.

"డాక్టర్ గారూ, ఈ సాధనం నమ్మదగినదేనా?" అని అడిగాడు అధ్యక్షుడు.

"నమ్మదగినదే. ఒక మాటకీ ఒక పాత కథకీ పోలిక ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది. నిజమా అబద్ధమా అన్నది దానికి తెలియదు. నేను దాన్ని ఆ పనికి తయారుచెయ్యలేదు."

వల్లభరావు తల తిప్పుకున్నాడు. ఒక వకీలు అడ్డం రాబోయాడు. హైమవతి ఆగలేదు.

"అయ్యా, ఆ కథ వేల ఏళ్ళుగా ఎందుకు బతికుందా అని నేను నా జీవితమంతా వెతికాను. బాటసారులు మోసుకెళ్ళారనీ, ఓడల్లో వెళ్ళిందనీ రాశాను. మొన్న మొగపేట వెళ్ళొచ్చాక తెలిసింది, ఎవరూ మొయ్యనక్కర్లేదు. ప్రతి తరంలో ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు ఇంటికొక మనిషిని అడుగుతూనే ఉన్నాడు. అనుభవించినవాళ్ళు చెప్పుకుంటూనే ఉన్నారు. ఇక్కడి పోలిక ఆమె అబద్ధం ఆడిందనడానికి గుర్తు కాదు. ఆమెకు జరిగింది ఇదివరకు ఎంతమందికి జరిగిందో అనడానికి గుర్తు. మీరు నా యంత్రం చేత ఆ నలుగుర్నీ రెండోసారి చంపించారు. నేను చేసినది నాకే ఎదురు తిరిగింది. దాన్ని నేనే ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిపోతాను, అనుమతివ్వండి."

 అప్పుడు యంత్రం దగ్గర కూర్చున్న ఉద్యోగి వంగి అధ్యక్షుడి చెవిలో ఏదో చెప్పాడు. ఎవరి వాంగ్మూలమైనా సరే, నిపుణులదైనా సరే, జాడ గుండా వెళ్ళాలని నియమం పెట్టుకున్నారట. అధ్యక్షుడి పెదవుల మీద చిరునవ్వు కదిలింది.

"డాక్టర్ గారూ, మీ సాక్ష్యానికి కూడా ఎనభైఎనిమిది వచ్చింది. వరమిచ్చినవాడి నెత్తి మీదే చెయ్యి పెట్టబోయిన వాడి కథట. మీ యంత్రం చెప్పినదాని ప్రకారం మీది కూడా కల్పనే. ఏం చెయ్యమంటారు?"

ముందు వరసలో వకీళ్ళు గొల్లున నవ్వారు. చక్రధర్ నవ్వాడు. వల్లభరావు కూడా నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. హైమవతికి చెవులు మండిపోయాయి. ఇంతమంది ముందు నిలబడి నిజం చెబితే నవ్వుతున్నారు. చచ్చినవాళ్ళ మనుషులు వెనక కూర్చుని ఉండగా నవ్వుతున్నారు.

"నవ్వండి," అంది ఆవిడ. "మీ తల్లిగారు మిమ్మల్ని ఎలా పెంచిందో ఒకసారి ఆ డబ్బాకి చెప్పి చూడండి. అదీ కథే అంటుంది. అప్పుడు మీ అమ్మ లేదనుకుంటారా?"

"మర్యాదగా మాట్లాడండి!" అధ్యక్షుడు బల్ల మీద కొట్టాడు.

"బాబూ, ఒక మాట."

వెనక బెంచీల్లోంచి పైడితల్లి లేచింది. ఎవరో కూర్చోమన్నారు. ఆమె బెంచీల మధ్య నుంచి నడిచి ముందుకొచ్చి నిలబడింది.

"నాది కత అన్నారు. ఈ యమ్మది కత అన్నారు. సరే, మేం కతే సెప్పినాం. మీరంతా సదువుకున్నోలు, కత మీకూ తెలుసును. మరా కతలో ఆకరికి ఆ రాచ్చసుడికి ఏటవుద్దో మీ నోటితో సెప్పండి, యిని ఎలిపోతాం."

అధ్యక్షుడు ముందున్న కాగితాలు సర్దాడు. వకీళ్ళ నవ్వు ఎటు పోయిందో పోయింది.

"సెప్పండి బాబూ," అన్నాడు వెనకనుంచి ఒక చేపల వేటగాడు.

"సెప్పండి," అన్నారు ఇంకొందరు.

"ఇది విచారణ. నాటకం కాదు. కూర్చోండి!"

"మీరు సెప్పరు," అంది పైడితల్లి. "పోన్లెండి. మాకూ తెలుసును."

ఆమె వెనక్కి తిరిగింది. బెంచీలు కిర్రుమన్నాయి. మొగపేట మొగపేటంతా లేచి ఆమె వెంట బయటికి నడిచింది. హైమవతి తన చేతిసంచీ తీసుకుని వాళ్ళ వెనకాలే వెళ్ళిపోయింది. నిపుణురాలి సంతకం కోసం పెట్టిన కాగితం బల్ల మీద అలాగే ఉండిపోయింది.

* * *

ఆ వారం వంతు నూకాలమ్మ పెదనాన్న ఇంటిది. ఎవరూ వెళ్ళలేదు. ఫ్యాక్టరీ జీపు వచ్చి ఆ ఇంటి ముందు హారన్ కొడితే, ఆ ఇంట్లోవాళ్ళే కాదు, వీధి వీధంతా బయటికొచ్చి జీపు చుట్టూ నిలబడింది. మర్నాటికి ఊరంతా ఫ్యాక్టరీ గేటు ముందు గోనెపట్టాలు పరుచుకుని కూర్చుంది. వేటకి వెళ్ళాల్సిన పడవలు ఇసకలోనే ఉండిపోయాయి.

కంపెనీ మొదట కుళాయిలు కట్టేసింది. జగన్నాథం, ఓడల కర్మాగారంలో ఆయన స్నేహితులూ కలిసి ఒక వ్యానులో నీళ్ళ డబ్బాలు వేసుకొచ్చారు. తర్వాత పోలీసుల్ని పిలిపించింది. గేటు దాటకుండా దారి వదిలి కూర్చున్న ఆడవాళ్ళని ఏ నేరం మీద లేపాలో వాళ్ళకు తోచలేదు. హైమవతికి సంస్థ నుంచి ఉద్యోగంలోంచి తొలగించినట్టు ఉత్తరం వచ్చింది. దాన్ని చదివి మడిచి సంచీలో పెట్టుకుని, గేటు ముందు పైడితల్లి పక్కన కూర్చుంది. ఆ ఉత్తరంలోనూ తీసేసినవాడెవడో లేడు. ఆమె సేవలు ముగించబడినవి అని మాత్రమే ఉంది.

కూర్చున్నవాళ్ళు ఊరికే కూర్చోలేదు. పొద్దుపోవడానికి ఒక్కొక్కరు తమకు తెలిసిన రాక్షసుడి కథ చెప్పుకున్నారు. ఒకరి కథలో రాక్షసుడికి ఒకే కన్ను. ఇంకొకరి కథలో వాడు చేపల వాసన తప్ప ఇంకే వాసనా పట్టలేడు. నూకాలమ్మ కూడా పసివాడికి పాలిస్తూ, నెలల తర్వాత మొదటిసారి నోరు విప్పి ఒకటి చెప్పింది. ఆమె చెప్పినదాంట్లో బదులు వెళ్ళినవాడు తిరిగొచ్చాడు. పైడితల్లి అడ్డు చెప్పలేదు. ఆమె చెయ్యి మాత్రం పట్టుకుంది.

తొట్టి నిండిపోయింది. నల్లటి నీరు పైకి పొంగి ఫ్యాక్టరీ ప్రాంగణమంతా పాకింది. లోపల యంత్రాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అప్పటికి పత్రికలవాళ్ళూ టీవీలవాళ్ళూ వచ్చి ఆ నీలిరంగు గోడని ఫోటోలు తీసుకుపోయారు. సున్నం కింద పేర్లు ఇంటింటా కనబడ్డాయి. ఇక తప్పక కార్మికశాఖ ఇన్‌స్పెక్టరు ఒకాయన స్వయంగా వచ్చాడు. విచారణ అని పేరు పెట్టుకున్న ఏ మనిషైనా మొగపేట నేల మీద కాలు పెట్టడం అదే మొదలు.

ఆయన లోపల తిరిగి గోదాము తలుపు తీయించాడు. మూలన టార్పాలిను కప్పి ఏదో పెద్దది ఉంది. లాగితే కింద కొత్త యంత్రం. తొట్టిలోంచి బురదని గొట్టంతో పీల్చి బయటపోసేది. మనిషి దిగనక్కర్లేదు. దాన్ని కొని ఏడాది దాటింది. చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. ఎందుకు వాడలేదని ఇన్‌స్పెక్టరు అడిగితే, చక్రధర్ చాలాసేపు నసిగి, దానికి డీజిలు ఖర్చవుతుందని చెప్పాడు. గ్రామసేవ ఉండగా అవసరం పడలేదన్నాడు.

గేటు ఊచల్లోంచి ఆ మాట విన్నవాళ్ళు ముందు నమ్మలేకపోయారు. నమ్మాక ఒక్కసారి కేక పుట్టింది. పోలీసులు చక్రధర్‌ని జీపు ఎక్కించకపోతే ఆ పూట ఏమయ్యేదో చెప్పలేం. అతని మీదా అతని పైవాళ్ళ మీదా కేసు కట్టారు. అది పెద్ద కోర్టులో ఇంకా నడుస్తోంది. అక్కడి జడ్జి మాత్రం పైడితల్లిని ఎదురుగా నిలబెట్టి, డబ్బా లేకుండా, తన చెవులతోనే విన్నాడు. విచారణ సంఘం నివేదిక ఎక్కడో అటక మీద ఉంది. జాడని ఇంకో పేరుతో ఇంకెవరికో అమ్మజూపుతున్నారని హైమవతికి తెలిసింది. దాని మీద ఆవిడ వేసిన దావా వేరే ఉంది, అది తేలేదాకా వదలనని కూర్చుంది.

ఆ రోజు మాత్రం సాయంత్రానికి గొట్టాలు బిగించి యంత్రం నడిపారు. నలుగురు మనుషులు దిగి తిరిగిరాని తొట్టిని అది ఒక్క పూటలో అడుగంటా పీల్చేసింది. చూడటానికి వచ్చిన జనం ఒకరి వెంట ఒకరు ఇళ్ళకు వెళ్ళిపోయారు. కొందరు ఏడుస్తూ వెళ్ళారు. పైడితల్లి మాత్రం కంచె ఊచలు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడే ఉంది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు.

"పద పైడితల్లీ," అంది హైమవతి. "ఇంక చూడటానికేముంది?"

"ఉండమ్మా," అంది ఆమె కళ్ళు తిప్పకుండా. "ఆ గొట్టం ఎలగ తిప్పినారో, ఎవులు మీట నొక్కినారో, అంతా సూడనీ. నా పిల్లలకి సెప్పాల, ఆల పిల్లలకి సెప్పాల. ఒక్క ముక్క ఒగ్గేసినా రేపెవడో ఒకడు కత అంటాడు."